వాడీ వేడీ

"అంకె కుదురుకునేదాకా ఒక్కరూ కదలడానికి వీల్లేదు!" అన్నాడు ప్రొఫెసర్ డాక్టర్ నవ్వాఫ్. పేరు నవ్వాఫే గానీ, ఆయన నవ్వు ఏనాడూ ఆఫ్ అయింది లేదు.

అరీజ్‌కి మాత్రం ఏడుపొచ్చింది. సొంతూరు కరక్ వెళ్ళే ఆఖరి బస్సు నాలుగింటికి. రేపు అక్క నిశ్చితార్థం. అమ్మాన్ మీద అప్పుడే మంచు రాలుతోంది. దారి మూసేస్తే ఉంగరాలు మార్చుకోవడం ఫోనులో చూసుకోవాల్సిందే.

"వారం నుంచీ ఇదే లెక్క, డాక్టర్ గారూ! కుదరడం లేదు."

"ఇనుప ముక్కని ఎన్ని తునకలు చేశావు?"

"రెండు లక్షలు."

"అదీ సంగతి. మోటు తునకలకి మోటు జవాబే వస్తుంది తల్లీ. ఇంకా సన్నగా తరుగు."

"ఇది ఇనుమనుకున్నారా, తబ్బూలే సలాడ్‌లోకి ఆకనుకున్నారా?" అని గొణిగింది అరీజ్. పక్క సీటులో బయాన్ కిసుక్కుమంది.

అది పీజీ వాళ్ళ ఫైనైట్ ఎలిమెంట్ క్లాసు. 'ఎల్' ఆకారంలో ఒక ఇనుప ముక్క. దానికి బరువు వేలాడదీస్తే లోపలి మూలలో ఎంత ఒత్తిడి పడుతుందో కంప్యూటర్ చెప్పాలి. ముక్కని తునకలు చేసి, ఒక్కో తునకకీ లెక్క కట్టి, అన్నీ కలపాలి. తునకలు సన్నబడేకొద్దీ జవాబు ఒక అంకె దగ్గర ఆగాలి. ఇదేమో తరిగినకొద్దీ పెరుగుతోంది! ఇరవై కంప్యూటర్లూ ఆ మూల దగ్గరే మూలుగుతూ, ఫాన్లతో వేడిగాలి కక్కుతున్నాయి. ఒత్తిడి ఇనుముకో, పిల్లలకో తెలియడం లేదు.

బస్సు సంగతి కనుక్కుందామని అరీజ్ ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళింది. డీజిల్ లేక భవనాన్ని వెచ్చబెట్టే బాయిలర్ ఎప్పుడో అలిగి కూర్చుంది. చలికి పళ్ళు తబలా వాయించాయి.

"నాలుగింటి బస్సు ఉందమ్మా. ఆ తర్వాత ఇన్‌షా అల్లా!" అన్నారు బస్‌స్టాండు వాళ్ళు.

తిరిగొచ్చేసరికి వెనక బెంచీలో సివిల్ విభాగం ప్రొఫెసర్లు ముగ్గురు టీ గ్లాసులతో చేరిపోయారు. రోజూ వస్తూనే ఉన్నారు. "ఏం పాఠం! ఏం పాఠం!" అంటూ ఒకాయన కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. ఒక ప్రొఫెసర్ పాఠం ఇంకో ప్రొఫెసర్ వినడం అరీజ్ ఎక్కడా చూడలేదు.

తెర మీద ముక్కంతా నీలం. మూలలో మాత్రం ఎర్రటి చుక్క, కోపంతో ఉన్న కన్నులా. దాన్నే చూస్తూ చూస్తూ అరీజ్ ఒక్కసారిగా లేచి నిలబడింది.

"డాక్టర్ గారూ, ఇది జన్మలో కుదరదు! మూల కత్తి మొనలా ఉంది. ఎంత తరిగితే అంత పెరుగుతూనే పోతుంది. నిజం ఇనుములో ఇలాంటి మూల ఎక్కడైనా ఉంటుందా? కాస్త గుండ్రంగా చేస్తే సరి!"

చేసి, మళ్ళీ సన్నగా తరిగింది. అంకె పెరిగింది. ఇంకొంచెం పెరిగింది. ఆగింది.

"ఆగిందే బాబూ!" అని బయాన్ ఈల వేసింది. నిమిషాల్లో అందరూ తమ మూలలు గుండ్రం చేసేశారు. ఇరవై అంకెలూ కుదురుకున్నాయి. ఫాన్లు ఒక్కొక్కటే నోరు మూసుకున్నాయి.

"శభాష్! సరిగ్గా ఇదే జవాబు. నీకు పూర్తి మార్కులు," అన్నాడు నవ్వాఫ్.

"అంటే... మీకు ముందే తెలుసా?"

"పాతికేళ్ళుగా ఇదే పాఠం చెబుతున్నాను, తెలీకేం?"

"మరి వారం నుంచీ ఇంకా తరుగు, ఇంకా తరుగు అంటూ మా ప్రాణాలు ఎందుకు తోడారు?"

ఆయన నవ్వు మొదటిసారి ఆఫ్ అయింది. మూలల వాడి తగ్గింది, గదిలో వేడీ తగ్గింది. వెనక బెంచీలో ప్రొఫెసర్లు అరీజ్ వైపు కొరకొరా చూస్తూ కోట్లు తొడుక్కుంటున్నారు.

"వెళ్ళు, నీ బస్సుకి వేళవుతోంది," అంటూ నవ్వాఫ్ అరచేతులు రుద్దుకుని, గొంతు తగ్గించాడు. "పోతూ పోతూ ఆ మూలకి మళ్ళీ పదును పెట్టి పో తల్లీ! డీజిల్ వచ్చే వారం గానీ రాదట."