సయించని అన్నం

ఫోను ఛార్జింగ్ రంధ్రంలోంచి మెకానిక్ సూదిమొనతో ఒక బియ్యపు నూకను బయటికి లాగి కౌంటరు మీద పెట్టాడు.

"నీళ్లలో పడిందా సార్?"

"చుక్క తగిలితే ఒట్టు!" అన్నాడు భార్యతో కలిసి షాపుకొచ్చిన భర్త.

"లోపల తెల్లగా ఉండాల్సిన స్టిక్కరు ఎర్రబడింది. తడి తగిలితేనే అలా అవుతుంది. వారంటీ రాదు."

భర్త నీరుగారిపోయాడు. "సరే, దాచేదేముంది. మొన్న కమోడ్‌లో పడింది. కడిగితే తడి ఇంకా లోపలికి పోతుందని, కడక్కుండా తుడిచేసి రెండు రోజులు బియ్యం డబ్బా అడుగున పాతిపెట్టాను. ఇంత జాగ్రత్త ఎవరు తీసుకుంటారండీ?"

మెకానిక్ చటుక్కున చేతులు వెనక్కి తీసుకున్నాడు. పక్కనే నిలబడ్డ భార్య గిరుక్కున భర్త వైపు తిరిగింది.

"ఏ డబ్బాలో?"

"మనింట్లో ఎన్ని డబ్బాలున్నాయేంటి?"

ఆ రెండు రోజులూ ఆయన అన్నం సయించట్లేదంటూ బ్రెడ్డుతో సరిపెట్టుకున్నాడు. పాపం, జ్వరమేమోనని ఆమె నుదురు కూడా పట్టి చూసింది. ఆయన వాటా అన్నం కూతురి కంచంలో వడ్డిస్తుంటే, "పెట్టు పెట్టు, ఎదిగే పిల్ల" అన్నదీ ఆయనే.

"తెలిసీ తిననిచ్చారా మమ్మల్ని?"

"చెబితే డబ్బా మొత్తం పారబోసేదానివి. మరి ఫోను ఆరొద్దూ?" అంటూ దాన్ని జేబురుమాలుతో ముద్దుగా తుడిచి ఆమెకివ్వబోయాడు. "బ్యాగులో పెట్టు."

ఆమె బ్యాగు జిప్పు మూసేసింది.

"ఇంకా సగం డబ్బా బియ్యం మిగిలింది," అంది షాపు మెట్లు దిగుతూ. "సయించినా సయించకపోయినా, అయిపోయేదాకా మీకు ఆ అన్నమే. నాకూ పిల్లకీ బ్రెడ్డు."