అమ్మాయి ఎత్తు

అద్దెకిచ్చిన ఫ్లాటు ఉంచుకోవాలా, అమ్మాలా అని ఏడాదిగా ఊగిసలాడి, చివరికి అమ్మకానికే మొగ్గాను. ఖాళీగా ఉంటేనే మంచి ధర పలుకుతుందని బ్రోకరు అన్నాడు. దాంతో పదకొండేళ్ళుగా అందులో ఉంటున్న వడ్రంగికి నోటికొచ్చిన అబద్ధం చెప్పాను.

"మా అమ్మాయి వచ్చి ఇక్కడ ఉంటుందయ్యా. ఇల్లు కావాలి."

అతని ముఖం వాడిపోయింది. అంతలోనే తేరుకుని, "మంచిది సార్. అమ్మాయిగారు ఎంత పొడుగుంటారు?" అన్నాడు.

ఎందుకడిగాడో అర్థంకాక, చెయ్యి నా భుజం దగ్గర పెట్టి చూపించాను.

నెల తిరక్కుండానే తాళాలు తెచ్చిచ్చాడు. ఇవాళ బ్రోకరు తీసుకొచ్చిన ఆవిడకి చూపిద్దామని తలుపు తీశాను. వంటింటి అలమరలు, బట్టల కొక్కేలు, ఆఖరికి అద్దం కూడా జానెడు కిందికి దిగి ఉన్నాయి. పాత మేకుల కన్నాలు పూడ్చి, పైన రంగు కూడా వేశాడు వడ్రంగి.

ఆవిడ చెయ్యి చాచి పై అర అందుకుంది. "అబ్బ, ఎంత చక్కగా అందుతున్నాయో! ఎవరి కోసం చేయించారండీ?"

"మా అమ్మాయి కోసం" అనేశాను.

బ్రోకరు చప్పున తల తిప్పి నన్ను చూశాడు. నాకు పిల్లలు లేరని అతనికి తెలుసు.