గిన్నికోడి గొంతు

నల్లపెట్ట పిల్లలన్నిటినీ గద్ద తన్నుకుపోతే, ఒక్కటంటే ఒక్కటి మిగిలిందంట. దాన్నే కళ్ళల్లో పెట్టుకుని బతుకుతుంది తల్లి.

అవి ఉండే దొడ్లోకి ఎక్కణ్ణించో చుక్కల గిన్నికోడి ఒకటి దారితప్పి, కీచుకీచుమని అరుచుకుంటా వచ్చింది. పుంజు ఒంటికాలిమీద లేచింది.

"ఇది మా గడ్డ! ఆ కూతేందే, తుప్పుపట్టిన గిలకలాగా? మాలాగా కూస్తే ఉండు, లేదంటే ఫో!"

పెట్టలన్నీ పకపకా నవ్వినయ్.

అంతలో గిన్నికోడి పైకి చూసి గొంతు చించుకుని అరిచింది. చీమల కోసం ఎడంగా పోయిన పిల్ల ఒక్క పరుగున తల్లి రెక్కల్లో దూరింది. వాలిన గద్ద ఉత్త కాళ్ళతో లేచిపోయింది.

"ఏవందది? మన మాట కాదే!" అని గొణిగింది పుంజు.

"నా బిడ్డకి తెలిసింది కదా బావా!" అంది నల్లపెట్ట. పిల్లతో పోయి గిన్నికోడి పక్కన చేరింది.

"నీ గొంతు చల్లగుండ తల్లీ! నీకెట్టా వస్తే అట్టానే అరువమ్మా."