చెంబెడు నీళ్లు

కంప్యూటర్ సర్వర్లు పెట్టే షెడ్లకు ఏ దేశం అనుకూలమో మార్కులు వేసే యంత్రం ఈ రోజు మా ఇంటికి వచ్చింది. మన దేశంలో అది చూడాల్సిన చివరి ఊరు మాదే. అలాంటి షెడ్లు సర్వర్లను చల్లబరచడానికి నీళ్లన్నీ తాగేశాకే మా మేనత్త వాళ్ల ఊరు ఖాళీ అయింది.

యంత్రాన్ని తెచ్చిన నళినాక్షి గారికి అమ్మ ఉన్న ఒక్క బిందెలోంచే చెంబు ముంచి ఇచ్చింది.

"మీకు నీళ్లకు ఇబ్బందేమో. ఉంటే చెప్పండమ్మా, ఇది వింటోంది," అందామె.

"విననీ తల్లీ. మాకు నీళ్లకేం కరువు? ఎత్తి తాగు, ఇంకో చెంబు తెస్తా."

ఇంటికొచ్చిన వాళ్ల ముందు లేదనే మాట అమ్మ నోట రాదు. మా బోరు ఎండి తొమ్మిది రోజులైంది. ట్యాంకరు మళ్లీ శుక్రవారమే. ఆ మాట చెప్పాలని గడప దాకా వచ్చాను. కొత్తవాళ్లంటే బెరుకు, తలుపు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

యంత్రం చిన్నగా మోగింది. ఆమె దాన్ని చూసి, సగం నీళ్లు చెంబులోనే వదిలి లేచింది.

"నీళ్లకు కరువు లేదని రాసేసుకుంది. ఇక మార్చదు," అంది నా వైపు చూసి.

సాయంత్రం పంచాయతీ తెర మీద మన దేశానికి మొదటి స్థానం వచ్చింది. షెడ్డు మొదలయ్యేది మా ఊళ్లోనేనట. అమ్మ ఆ సగం చెంబుతోనే బియ్యం కడిగింది.