కడుపులో కంప్యూటర్

"ఆ వైరు మీద చెయ్యి వేశావంటే నాన్న చెవికి నువ్వే పూచీ!" అంది కూతురు.

తల్లి నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. వైరు బల్ల అంచున వేలాడుతోందని, ఎవరి కాలికి తగిలి ఏ ఉపద్రవం వస్తుందోనని సర్దబోయింది, అంతే. ఆ వైరుకి ఒక కొసన కూతురి ల్యాప్‌టాప్ ఉంది. రెండో కొసన చిక్కుడు గింజంత చెవి మిషన్.

ఆ చెవి గల ఆయన కిటికీ పక్కన కూర్చుని పేపర్ చదువుకుంటున్నారు. ఆర్నెల్లుగా మిషన్ చెవిలో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. కాలింగ్ బెల్ వినపడదు. పాలు పొంగుతున్నాయంటే "ఊ" అంటారు. మొన్న వెనకనుంచి వ్యాను హారన్ కొడుతుంటే, భార్య రెక్క పట్టుకుని పక్కకి లాగితే తప్ప కదల్లేదు. ఆ వ్యాను అప్పటినుంచి రోజూ ఆవిడ కలలోకి వస్తోంది. కలలో బ్రేకు పడటం లేదు.

"షాపువాళ్ళే చేతులెత్తేశారు కదే, నువ్వేం బాగుచేస్తావు?" అంది.

"మిషన్ లోపలి ప్రోగ్రామ్ పాతబడిపోయుంటుంది. కొత్తది ఎక్కిస్తా. కాకపోతే అది ఎక్కించాలంటే పాతకాలం కంప్యూటర్ కావాలి. కొత్తవాటికి ఈ మిషన్ భాష రాదు."

"ఆ పాతది ఎక్కడ దొరుకుతుందే ఇప్పుడు?"

"దొరకక్కర్లేదమ్మా. ఈ ల్యాప్‌టాప్ లోపలే ఒక పాత కంప్యూటర్ తయారుచేశా. అదిగో, తెర మధ్యలో చిన్న కిటికీలా కనిపిస్తోందే, అదే."

"అంటే, దీని కడుపులో అదా?"

"అలాగే అనుకో."

"వట్టి మనిషి కాదన్నమాట. ఆ ముక్క ముందే చెప్పొద్దూ?" అంటూ తల్లి లోపలికి పరుగెత్తి, మెత్తటి తువ్వాలు మడతపెట్టి తెచ్చి ల్యాప్‌టాప్ కిందికి తోసింది.

"అమ్మా! దానికి గాలాడదు, తియ్యి!"

ఇంతలో తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ వైరు బయటి కంప్యూటర్‌దా, లోపలిదా తేల్చమంటోంది. కూతురు లోపలిదేనని నొక్కింది. పచ్చగీత ఒకటి మెల్లగా పాకడం మొదలుపెట్టింది.

"మధ్యలో కరెంటు పోతే?" అంది తల్లి.

"ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది."

"అదీ పోతే?"

"మిషన్ చచ్చిపోతుంది. ఇక లేవదు."

అనేశాక కూతురు నాలిక కరుచుకుంది. అప్పటికే తల్లి ఫ్రిజ్ ఆపేసింది. ఫ్యాను ఆపేసింది. నీళ్ళ హీటరు ఆపేసి, మేడెక్కి పై ఇంటి తలుపు కొట్టింది.

"అరగంట ఇస్త్రీ పెట్టె పెట్టకండమ్మా, ఫ్యూజు పోతుంది."

"అయ్యో, ఏమైందండీ?" అంది పై ఇంటావిడ.

"మా వారి చెవికి ఆపరేషన్ జరుగుతోంది."

"ఇంట్లోనా!"

జవాబు చెప్పే తీరిక లేదు. దిగి వచ్చేసరికి గీత అరవై మూడు శాతం దగ్గర నిలబడిపోయి ఉంది. కూతురు గోళ్ళు కొరుకుతోంది. గోళ్ళు కొరికే పిల్ల కాదది.

"ఆగిపోయిందే!"

"ఆగలేదు. ఆలోచిస్తోంది."

"మీ నాన్నా అంతే. ఆలోచిస్తున్నానంటారు, చూస్తే గురక." ఆవిడ కిటికీ వైపు తిరిగి గొంతు పెంచింది. "ఏమండీ! మీ మిషన్ పోయేలా ఉందండీ!"

ఆయన పేజీ తిప్పారు.

ఇక ఈ మనిషితో బతుకంతా సైగలే. ఎదురుగా తను ఉంటే సరే, లేనప్పుడు ఏ వ్యాను వచ్చినా ఏం చెయ్యగలదు? ఆవిడ బల్ల పక్కనే కూలబడింది. "తల్లీ, నువ్వైనా కదలవే," అని ల్యాప్‌టాప్‌నే బతిమాలింది.

అరవై నాలుగు.

"కదిలిందే!"

"అరవకమ్మా, బెదురుతుంది!" అంది కూతురు. పాపం, దానికీ మతి పోయినట్టుంది.

తొంభై. తొంభై ఎనిమిది. వంద. మిషన్ "టింగ్" మని చిన్న కూత పెట్టింది. తల్లీకూతుళ్ళు ఒకరినొకరు కావలించుకున్నారు. తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుని, "గట్టెక్కాం. ఇకనైనా నా మాట ఆయన చెవిన పడుతుంది," అంది.

కూతురు తెర మీద ఏదో చదువుతూ నొసలు ముడేసింది.

"అమ్మా, ఈ మిషన్‌కి అసలు ఏ రోగమూ లేదు."

"మరి వినపడదేం?"

"రోజూ ఎంతసేపు ఆన్‌లో ఉందో ఇది రాసిపెట్టుకుంటుంది. ఆర్నెల్లుగా రోజుకి గంటంటే గంట. ఆదివారమైతే అదీ లేదు. మిగతా టైమంతా నాన్నే ఆపేసి పెట్టుకుంటున్నారు."

"గంటేనా?" తల్లి గుండె మీద చెయ్యి వేసుకుంది. "సాయంత్రం నేను నడకకి వెళ్ళొచ్చేది సరిగ్గా గంట కదే. ఆదివారం వెళ్ళను కూడానూ."

కూతురు నవ్వు ఆపుకోలేక తల వంచేసుకుంది. తల్లి మొహం మాత్రం పాలిపోయింది. కిటికీ వైపు ఒకసారి చూసి, కూతురి చెవి దగ్గరికి వంగి గుసగుసగా అడిగింది:

"ఒసే, నేను ఇంట్లో లేని ఆ గంటసేపూ ఈయన ఎవరి మాటలు వింటున్నట్టే?"