రాణిగారి కోరపన్ను

"ఈ పన్ను చూడండి," అంది పళ్ల డాక్టరు, ఫోన్‌లోని పోస్టరును రెండు వేళ్లతో సాగదీస్తూ. "మొదటి పోస్టర్లో రాణిగారి కోరపన్ను ఎడంవైపు వంకర. రెండో పోస్టర్లో కుడివైపు. పన్ను లేచి అటునుంచి ఇటు నడిచి రాదు కదండీ!"

నిర్మాత బల్ల మీదుగా వంగి చూశాడు. రచయిత చూడలేదు. కుర్చీలో వెనక్కి వాలి ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాడు.

"అంటే సింహాసనం మీదున్నది రాణి కాదు," అంది డాక్టరు. "అద్దంలోంచి బయటికొచ్చిన ఆవిడ ప్రతిబింబం. అసలు రాణి ఎప్పుడో పోయింది. చంపింది సొంత అన్న."

విడుదలకి నెల కూడా లేని ఆ సినిమా ముగింపు సరిగ్గా అదే.

ఈ మాటలే డాక్టరు వీడియో చేసి పెడితే లక్షలమంది చూశారు. అందుకే నిర్మాత ఆవిణ్ణి పిలిపించాడు. నటులకి కూడా ఎవరి ముక్క వాళ్లకే ఇచ్చి తీశారు కాబట్టి ముగింపు మొత్తం తెలిసినవాళ్లు నలుగురే. నిర్మాత, ఎడిటింగ్ గదిలో ఉన్న దర్శకుడు, రచయిత, గది మూలన కూర్చున్న అతని సహాయకురాలు. నోరు జారిందెవరో ఇవాళే తేల్చి, వాళ్ల పేరు తెరమీద లేకుండా చేస్తానని నిర్మాత పొద్దున్నే ప్రకటించాడు. సహాయకురాలు ఇన్నేళ్లూ పేరు లేకుండానే రాసింది. తెరమీద పేరు పడబోయేది ఈ సినిమాకే. ఆ సంగతి వాళ్ల వీధి వీధంతా తెలుసు.

రచయితకి అభిమానులంటే ఒళ్లుమంట. పనీపాటా లేని మంద అంటాడు. ఒకడు బాణానికున్న ఈకలు లెక్కపెట్టి హీరోకి ఎంతమంది భార్యలో చెప్పాడు. ఇంకొకడు మూడు కాళ్ల గుర్రం శాపగ్రస్తుడైన సేనాపతి అన్నాడు. నాలుగో కాలు పోస్టరు అంచున తెగిపోయిందని వాడికి తట్టలేదు. మబ్బులో హీరో తాతని చూసినవాడు కూడా ఉన్నాడు. అసలా రెండు పోస్టర్లూ సినిమా ప్రకటించిన రోజున వదిలినవి. ఈ రంగంలో ముందు పోస్టరు వస్తుంది, తర్వాత హీరోయిన్ వస్తుంది, వీలు చిక్కితే కథ వస్తుంది.

"డాక్టరుగారూ," అన్నాడు రచయిత, "రెండో పోస్టర్లో టైటిల్ పెట్టడానికి ఎడంపక్క చోటు చాల్లేదు. డిజైనరు బొమ్మని అటుదిటు తిప్పేశాడు. బొమ్మతోపాటు పన్నూ తిరిగింది. కత్తి ఎడంచేతిలోకి వచ్చింది, అది కనపళ్లేదా?"

"కనపడబట్టే కదా అద్దం అన్నాను!"

"మీతో వేగలేం."

"మీరలాగే అంటారు లెండి. నిజం దాచాలిగా," అని నవ్వింది డాక్టరు.

నిర్మాత నవ్వలేదు. "అమ్మా, ఇదంతా ఒక్క పన్ను చూసే చెప్పారా? మీకెవరూ చెప్పలేదా?"

"ఒట్టండీ. నేనిది ఇప్పుడు కనిపెట్టింది కాదు. మా అభిమానుల గ్రూపులో ఎప్పుడో రాశాను. అప్పుడు పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు."

"ఎప్పుడో అంటే?"

"ఎప్పుడైతేనేం సార్," అన్నాడు రచయిత. "కథ బయటికి మోసిందెవరన్నది కదా మనక్కావాలి." మూలకి తిరిగాడు. "ఏమ్మా, పోయిన నెల పన్ను నొప్పని సెలవు పెట్టావు. ఎక్కడ చూపించుకున్నావు?"

సహాయకురాలు లేచి నిలబడింది. "మా వీధి చివర ఒకాయన ఉన్నారు గురువుగారూ, ఆయన దగ్గర. నేనెవరికీ చెప్పలేదు. మా ఆయనక్కూడా చెప్పలేదు. మీకు తెలుసు కదా."

"నాకేం తెలుసమ్మా? పళ్ల డాక్టర్లూ పళ్ల డాక్టర్లూ మాట్లాడుకోరా? నోరు తెరిచి పడుకున్నాక ఏం బయటికొచ్చిందో!"

"అయ్యో, నోట్లో మా సామానుండగా ఎవరైనా క్లైమాక్సు చెప్పగలరా?" అంది డాక్టరు. "అయినా ఈవిణ్ణి నేనెప్పుడూ చూళ్లేదండీ."

నిర్మాత రచయిత వైపు చూశాడు. "నీ మనిషి. నువ్వే చెప్పు. ఈవిడేనా?"

రచయిత కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నేను కాదు. మీరు కాదు. దర్శకుడు తన గొయ్యి తాను తవ్వుకోడు," అన్నాడు. "ఇంకెవరు మిగిలారు సార్?"

"పేరు తీసేయించు," అన్నాడు నిర్మాత.

సహాయకురాలు సంచి భుజానికి తగిలించుకుంది. గురువుగారు ఏమైనా అంటారేమోనని తలుపు దగ్గర ఆగింది. ఆయన మళ్లీ ఫ్యాను వంక చూస్తున్నాడు. ఆవిడ వెళ్లిపోయింది.

డాక్టరు మొహం వాడిపోయింది. "నావల్ల ఆవిడ పని పోయిందా?"

"మీలాంటి వాళ్లవల్లే," అన్నాడు రచయిత. "మేం బుర్ర బద్దలు కొట్టుకుని రాస్తాం. మీరు పళ్లు లెక్కపెట్టి దాన్ని బజార్న పడేస్తారు. సొంతంగా ఒక్క సీను ఊహించండి చూద్దాం. చాతకాదు. అవతలివాడి కష్టం మీద పడి బతకడం, అదీ మీ బతుకు."

డాక్టరు ఫోన్ సర్దుకుని లేచింది.

ఆవిడ వెళ్లాక నిర్మాత రచయిత భుజం తట్టాడు. "జరిగిందేదో జరిగింది. రెండో భాగం కథ సోమవారానికి కావాలి నాకు. ఈసారి ఒక్కడివే కూర్చుని రాయి. ఎవర్నీ దగ్గరికి రానివ్వకు."

"ఒక్కణ్ణే రాస్తాను సార్," అన్నాడు రచయిత.

కారెక్కి తలుపు వేసుకున్నాక ఫోన్ తీసి, మారుపేరుతో అభిమానుల గ్రూపులోకి వెళ్లి, నిరుడు మొదటి భాగం ముగింపు రాబట్టుకున్నట్టే డాక్టరుకి టైపు చేశాడు: "అక్కా, రాణి పోయాక ఆ అన్న ఏం చేస్తాడంటావ్?"