తిన్నటి సాళ్ళు

"కోసుకుపోయే ఇనుముకి కథలెందుకమ్మా? మీరూ మీరూ తేల్చుకోండి, నేను టీ తాగొస్తాను," అంటూ పాత ఇనుము వ్యాపారి గ్యాస్ సిలిండర్‌ని షెడ్డు గోడకి ఆనించి బయటికి నడిచాడు.

మ్యూజియం అమ్మాయి గుండెల్లో రాయి పడింది. మనిషి టీ ఎంతసేపు తాగుతాడు?

షెడ్డు మధ్యలో ఉన్నది సాళ్ళ మధ్య నడిచే పాతకాలపు ట్రాక్టర్. ముందు చక్రాలు రెండూ కవలపిల్లల్లా ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. వెనక చక్రాలు మనిషెత్తు. మొక్కల వరసల మీదుగా వెళ్ళినా ఆకు నలగదు. దాన్ని నడిపినాయన పోయి చాలాకాలమైంది. ఆయన భార్య, వాడకట్టు మొత్తానికి బామ్మ, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. షెడ్డు ఖాళీ చేస్తే వడ్రంగి మిషన్లు పెట్టుకుంటానని అల్లుడు ఎప్పట్నుంచో చెవిలో జోరీగలా పోరుతున్నాడు. పోరు పడలేక సరేనంది గానీ, తెల్లారిన దగ్గర్నుంచి ఆవిడ ఆ కుర్చీలోంచి లేవలేదు.

మ్యూజియంలో ఇక ఒక్క ట్రాక్టర్‌కే చోటుంది. "ఇలాంటివి వేరేచోట ఇంకో రెండున్నాయి, రంగు కూడా పోలేదు," అని డైరెక్టర్ గారు ముందే చెప్పేశారు. "ఇదే ఎందుకు తీసుకోవాలో ఒక్క ముక్క చెప్పు. ఇంకే ట్రాక్టర్‌కీ లేని ముక్క కావాలి."

ఆ ముక్క కోసమే ఆమె చెప్పులరిగేలా తిరిగింది. సర్వే ఆఫీసులో, ఒకప్పుడు విమానంలోంచి తీసిన పొలాల ఫోటో దొరికింది. చుట్టుపక్కల పొలాల్లో సాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళవి వంకర్లు పోయాయి. ఈయన పొలం మాత్రం దువ్వెన పెట్టి దువ్వినట్టుంది. భూతద్దంతో ఎంత వెతికినా ఒక్క వంకర కనిపించలేదు. చివరికి స్కేలు పెట్టి చూస్తే, స్కేలే కాస్త వంకరేమోనని అనుమానం వచ్చింది. ఆ రోజు ఆమెకి అన్నం కూడా సహించలేదు. ఒక మనిషి చేతికి ఇంత పనితనం ఉంటుందా అని అదే ధ్యాస.

పక్క పొలం పెద్దాయన్ని పట్టుకుని అడిగింది.

"పని మానుకుని వచ్చి గట్టు మీద నిలబడి చూసేవాళ్ళం తల్లీ. అందరం నోరు మూసుకునే చూసేవాళ్ళం. చీకటి పడ్డా ఆపేవాడు కాదు, అప్పుడూ అదే తీరు. ఆయన సంగతి నీకు తెలుసుగా?"

"తెలుసండీ," అనేసింది. తెలీదంటే ఇన్నాళ్ళూ ఏం కనుక్కున్నావని నవ్వుతాడని భయం. పనిలో ఉండగా ఎవరైనా మాట్లాడితే విరుచుకుపడే మనిషి కాబోలని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఇప్పుడు ట్రాక్టర్ చుట్టూ మళ్ళీ ఒకసారి తిరిగింది.

"బామ్మా, ఈ పొగగొట్టం పైకి ఉండాలి కదా? కిందికి వంచి, వెనక్కి తిప్పి, సైలెన్సర్ మీద సైలెన్సర్ బిగించారేంటి?"

బామ్మ వినపడే చెవి ఇటు తిప్పింది. "ఆయనకి మోత పనికిరాదమ్మా. బండి పిల్లిలా నడవాలి."

"మరి ఇవి?" గోడ పక్కన రెండు పాత నాగలి డిస్కులు, మధ్యలో సొట్టలు పడి ఉన్నాయి.

"పొలానికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి వేలాడదీశాం. నేనే కొట్టేదాన్ని. ఈ రెండో చెవి వాటికే అర్పించాను."

భోజనానికి పిలిచే గంటలు కాబోలనుకుని అమ్మాయి గోడ మీది ఫోటో దగ్గరికి వెళ్ళింది. ట్రాక్టర్ మీద కూర్చుని ఆయన నిండుగా నవ్వుతున్నాడు, కెమెరాని పట్టించుకోకుండా పక్కకి తిరిగి.

"ఇటు చూడమంటే వినలేదా?"

"నేను ఆ పక్కనున్నానుగా," అంది బామ్మ. ఆ వయసులోనూ ముఖం ఎర్రబడింది.

అమ్మాయి సీటెక్కి స్టీరింగ్ పట్టుకుంది. ఆయన అరచేతులు అరగదీసిన చోటే తన వేళ్ళు ఆనాయి. ఇక్కడ కూర్చునే ఆ మనిషి నేల మీద అన్ని గీతలు గీశాడు.

వ్యాపారి మూతి తుడుచుకుంటూ వచ్చాడు. అదే సమయానికి ఫోన్ మోగింది.

"దొరికిందా?" అన్నారు డైరెక్టర్ గారు.

"సాళ్ళు సార్. అంత తిన్నటి సాళ్ళు నేనెక్కడా..."

"బాగా దున్నే రైతులు బోలెడంతమంది ఉంటారమ్మా. వదిలేసి వచ్చేయ్."

వ్యాపారి సిలిండర్ దొర్లించుకొచ్చాడు. బామ్మ తల వంచుకుంది. అమ్మాయికి ఏడుపు ముంచుకొచ్చింది. ఫోన్ చెవి దగ్గరే ఉండగా కిందికి దిగి, చివరిసారిగా ట్రాక్టర్ ముందుభాగం నిమిరింది. దీపాలు బిగించాల్సిన చోట, కంపెనీవాళ్ళు పెట్టిన రబ్బరు బిళ్ళలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ బండికి దీపమన్నదే ఎప్పుడూ పెట్టలేదు. పెద్దాయన మాట గుర్తొచ్చింది.

"బామ్మా, చీకట్లో కూడా దున్నేవారట కదా. మరి దీపాలెందుకు పెట్టించుకోలేదు?"

ఇన్నాళ్ళూ తిరిగిన పిల్ల ఇదా అడిగేది అన్నట్టు బామ్మ తలెత్తి చూసింది.

"పెళ్ళినాటికే ఆయనకి చూపు లేదుగా తల్లీ."